రూట్ కెనాల్ తర్వాత పంటి సంరక్షణ

పుచ్చు గుజ్జు దాకా దిగిన పన్నును పీకకుండా నిలబెట్టడానికి చేసే చికిత్స రూట్ కెనాల్. డాక్టర్లు ఆర్‌సీటీ అంటారు, జనం ‘నరం తీసేయడం’ అంటారు. కుర్చీలో జరిగే పని ఒక సిట్టింగులోనో, రెండు మూడు సిట్టింగుల్లోనో అయిపోతుంది. ఆ తర్వాత ఆ పన్ను నోట్లో పదేళ్లో, ఇరవయ్యేళ్లో, ఇంకా ఎక్కువో పనిచేయాలి. అన్నాళ్లు పనిచేస్తుందా లేదా అన్నది చాలావరకు చికిత్స ముగిశాక జరిగేవాటి మీద ఆధారపడుతుంది. పీకేసిన ఆర్‌సీటీ పళ్లు 116 తీసుకుని కారణాలు వెతికిన ఒక అధ్యయనం 1991లో వచ్చింది. వాటిలో దాదాపు అరవై శాతం పైకట్టడం, అంటే పూడికో క్యాపో, విరిగిపోవడం, పాడవడం వల్ల పోయినవి. మరో 32 శాతం చిగుళ్ల జబ్బుతో పోయాయి. వేరు లోపలి చికిత్స విఫలమై పోయినవి తొమ్మిది శాతం లోపే. నొప్పి తగ్గగానే డాక్టరు దగ్గరికి వెళ్లడం మానేసే అలవాటుకు ఈ లెక్కతో నేరుగా సంబంధం ఉంది.

చికిత్సలో పన్నుకు జరిగేది

పంటి పైపొర ఎనామెల్. శరీరంలో అంతకంటే గట్టి పదార్థం లేదు. దాని కింద డెంటిన్, అందులోపల రక్తనాళాలూ నాడులూ కలిసిన మెత్తని గుజ్జు ఉంటాయి. పుచ్చు గుజ్జును తాకితే అక్కడ వాపు వస్తుంది. చుట్టూ గట్టి గోడలు కాబట్టి ఉబ్బడానికి చోటు ఉండదు, లోపల ఒత్తిడి పెరుగుతుంది. రాత్రి పడుకోగానే పోటు ఎక్కువయ్యేది ఇందుకే. కొన్నాళ్లకు గుజ్జు చచ్చిపోతుంది. అప్పుడు నొప్పి తనంతట తనే ఆగిపోవచ్చు, దాన్ని నయమైందనుకునేవాళ్లు చాలామంది. నిజానికి సూక్ష్మజీవులు వేరు కొన దాటి దవడ ఎముకలోకి చేరేది ఈ దశలోనే. ఎముక కరిగిన చోటు ఎక్స్‌రేలో నల్లటి మచ్చలా కనిపిస్తుంది.

చికిత్సలో పన్ను పైనుంచి రంధ్రం చేసి చెడిన గుజ్జు తీసేస్తారు. వేరులోని సన్నటి కాలువలను ఫైళ్లనే సన్నని పనిముట్లతో వెడల్పు చేసి, సోడియం హైపోక్లోరైట్ ద్రావణంతో కడుగుతారు. ఇళ్లలో బట్టలు తెల్లబరచడానికి వాడే బ్లీచ్‌లో ఉండేది ఇదే. చివర కాలువలను గట్టాపర్చాతో నింపి మూసేస్తారు. మలయా ప్రాంతపు చెట్ల పాల నుంచి వచ్చే ఈ జిగురు పదార్థాన్ని పంతొమ్మిదో శతాబ్దంలో సముద్రగర్భ టెలిగ్రాఫ్ తీగలకు తొడుగుగా వాడారు. అమెరికన్ దంతవైద్యుడు బౌమన్ 1867లో దీనితో పంటి కాలువలు నింపాడు. మిగతా సామగ్రి చాలా మారింది కానీ గట్టాపర్చా ఈనాటికీ అలాగే ఉంది.

‘నరం తీసేశాక నొప్పి ఎలా వస్తుంది?’ అని అడగని రోగి ఉండడు. తీసింది పంటి లోపలి నాడిని. వేరు చుట్టూ పన్నును ఎముకకు పట్టి ఉంచే సన్నటి పొర ఒకటుంది, దానికి సొంత రక్తప్రసరణ, సొంత నాడులు ఉంటాయి. చికిత్స తర్వాత వచ్చే నొప్పి ఆ పొరదీ, ఎముకదీ. ఇక పోయేవి చల్లదనం, వేడి తెలియడం, ఐస్‌క్రీమ్ తగిలితే జివ్వుమనడం. కొత్తగా పుచ్చు పట్టినా ఆ పన్ను ఇక చెప్పదు.

మొదటి గంటలు, మొదటి వారం

మత్తు ఇంజెక్షన్ ప్రభావం కింది దవడలో రెండు నుంచి నాలుగు గంటల దాకా ఉంటుంది. ఆ తిమ్మిరి వదిలేదాకా ఏమీ నమలకూడదు, పొగలు కక్కే కాఫీ తాగకూడదు. పెదవి, బుగ్గ లోపలి చర్మం పళ్ల కింద నలిగినా, నాలుక కాలినా తెలియదు. పిల్లల విషయంలో ఇది మరీ జాగ్రత్త. తిమ్మిరెక్కిన పెదవి కొత్తగా, తమాషాగా ఉంటుంది కాబట్టి వాళ్లు దాన్ని కొరుకుతూ ఉంటారు, సాయంత్రానికి అది వాచి పుండవుతుంది. ఇంటికి వచ్చిన తల్లిదండ్రులు ఇన్ఫెక్షన్ అనుకుని కంగారుపడతారు.

తిమ్మిరి వదిలాక సలుపు మొదలవడం మామూలే. మొదటి రోజు, రెండో రోజు ఎక్కువగా ఉండి, ఆపైన తగ్గుతూ వారంలో దాదాపు పోతుంది. కొరికినప్పుడు కాస్త నొప్పి మాత్రం ఇంకొన్ని రోజులు ఉండొచ్చు. చికిత్సకు ముందే తీవ్రమైన పోటు, చీము ఉన్నవాళ్లకు తర్వాత కూడా నొప్పి ఎక్కువగానే ఉంటుంది. నోరు చాలాసేపు తెరిచి ఉంచడం వల్ల చెవి దగ్గర దవడ కీలు పట్టేయడమూ కద్దు. రెండు రోజులు మెత్తటి తిండి తిని, పెద్దగా ఆవలించకుండా చూసుకుంటే అదే సర్దుకుంటుంది.

రోజురోజుకూ తగ్గుతున్న నొప్పికి భయపడక్కర్లేదు. రెండు మూడు రోజులు తగ్గి మళ్లీ పెరిగితే, లేదా మొదటి నుంచీ పెరుగుతూనే పోతే డాక్టరుకు ఫోన్ చేయాలి. చెంప వాచి, జ్వరం వచ్చి, నోరు తెరవలేకపోతే అదే రోజు వెళ్లాలి. దవడ కింద, నాలుక కింద గట్టిగా వాచి మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమైతే దంతవైద్యుడి అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకూడదు, నేరుగా పెద్ద ఆసుపత్రి అత్యవసర విభాగానికి పోవాలి. జర్మన్ వైద్యుడు లుడ్విగ్ 1836లో వర్ణించిన ఈ స్థితి అరుదుగానే వస్తుంది, వస్తే ఊపిరి ఆగే ప్రమాదం ఉంటుంది.

మొదటి వారంలో తరచూ కనబడే ఇబ్బంది మరొకటుంది, సులభంగా పోయేది కూడా అదే. పూడిక వెంట్రుక మందం ఎత్తుగా ఉన్నా నోరు మూసినప్పుడు దెబ్బంతా ఆ ఒక్క పన్ను మీదే పడుతుంది. మత్తులో ఉన్న మనిషికి ఇది కుర్చీలో తెలియదు. మర్నాడు ఇడ్లీ తింటున్నప్పుడు కూడా ‘మొదట అదే తగులుతోంది’ అనిపిస్తుంది. డాక్టరు పళ్ల మధ్య నీలం రంగు కాగితం పెట్టి కొరకమంటాడు, పక్కకు నూరమంటాడు. మిగతా పళ్ల మీద లేత చుక్కలు పడితే, ఎత్తుగా ఉన్న చోట ముదురు నీలం మచ్చ, కొన్నిసార్లు మధ్యలో రంగు లేకుండా చుట్టూ గీతలా కనిపిస్తుంది. డ్రిల్లుతో ఆ చోట నాలుగు సెకన్లు గీస్తే పని అయిపోతుంది. దీనికి మొహమాటపడి వారం రోజులు నొప్పి మాత్రలు మింగేవాళ్లున్నారు.

మాత్రలు

ఆర్‌సీటీ తర్వాతి నొప్పికి ఐబుప్రొఫెన్, పారాసిటమాల్ చాలు, చాలామందికి రెండూ కలిపి వాడితే మరింత బాగా పనిచేస్తాయి. మోతాదు డాక్టరు చెప్పాలి. కడుపులో పుండ్లు, కిడ్నీ జబ్బు, కొన్ని రకాల ఉబ్బసం ఉన్నవాళ్లకు, రక్తాన్ని పల్చబరిచే మందులు వేసుకునేవాళ్లకు, గర్భిణులకు ఐబుప్రొఫెన్ వర్గం మాత్రలు కూడవు. వానాకాలంలో జ్వరం ఉండి డెంగీ అనుమానం ఉంటే కూడా అవి వద్దు. పారాసిటమాల్ ఆరోగ్యవంతులైన పెద్దలకైనా 24 గంటల్లో 4 గ్రాములు దాటకూడదు. మన దగ్గర దంతవైద్యులు తరచూ రాసే అసెక్లోఫినాక్ జంట మాత్రలో మామూలుగా 325 మిల్లీగ్రాముల పారాసిటమాల్ కలిసే ఉంటుంది. అది వేసుకుంటూ, తలనొప్పిగా ఉందని మధ్యలో డోలో (అదీ పారాసిటమాలే) కూడా మింగితే లెక్క తప్పుతుంది.

యాంటీబయాటిక్ నొప్పి మాత్ర కాదు. జ్వరం, పాకుతున్న వాపు, గ్రంథులు కట్టడం వంటివి లేనప్పుడు దానివల్ల ఒరిగేది లేదు. రక్తప్రసరణ లేని పంటి కాలువలోకి నోటి ద్వారా మింగిన మందు చేరదు. మందుల షాపులో అడిగి అమాక్సిసిలిన్ రెండు రోజులు వేసుకుని ఆపేయడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి. కృత్రిమ గుండె కవాటం ఉన్నవాళ్ల సంగతి వేరు. వాళ్లకు కొన్ని దంత చికిత్సలకు ముందు ఒక మోతాదు యాంటీబయాటిక్ ఇస్తారు, ఆ విషయం డాక్టరుకు ముందే చెప్పాలి.

గోరువెచ్చని ఉప్పునీళ్లతో రోజుకు మూడు నాలుగుసార్లు మెల్లగా పుక్కిలించడం మేలు. మొదటి రోజు చెంపకు బయటి నుంచి గుడ్డలో చుట్టిన ఐసు పెట్టవచ్చు. వాపు ఉన్నప్పుడు ఇసుక మూట కాపడం పెట్టకూడదు. ఆస్పిరిన్ బిళ్లను పన్ను పక్కన దవడలో పెట్టుకునే పాత అలవాటు చిగురును తెల్లగా కాల్చేస్తుంది. లవంగ నూనెలోని యూజినాల్‌కు నొప్పి తగ్గించే గుణం నిజంగానే ఉంది, దంత క్లినిక్కుల్లో వచ్చే ఆ వాసనకు కారణం అదే. అయితే నేరుగా రాస్తే అదీ చిగురును కాలుస్తుంది. పైగా గుజ్జు తీసేసిన పంటిమీద అది చేసేదేమీ లేదు.

తాత్కాలిక పూడిక, అసలు పూడిక, క్యాప్

సిట్టింగుల మధ్యా, చివరి సిట్టింగు తర్వాతా రంధ్రాన్ని మెత్తటి తెల్లటి పదార్థంతో మూసి పంపుతారు. ఇందులో ఎక్కువగా వాడే రకం ఉమ్మిలోని తేమ తగిలి గట్టిపడుతుంది. గంటసేపు నమలవద్దని చెప్పేది అందుకు. ఇది నాలుగు మిల్లీమీటర్ల మందమైనా ఉంటే రెండు మూడు వారాలు ఆగుతుంది, అంతకుమించి దాని మీద భరోసా పెట్టుకోలేం. కొద్దిగా అరిగినట్టు, గరుకుగా తగలడం మామూలు. పెచ్చు ఊడి గుంట నాలుకకు తెలిస్తే మాత్రం ఒకటి రెండు రోజుల్లో మళ్లీ వేయించుకోవాలి. ఉమ్మి లోపలికి దిగితే దాంతోపాటు సూక్ష్మజీవులు దిగుతాయి. నింపిన కాలువలు తెరిచి ఉంటే కొద్ది రోజుల్లోనే ఉమ్మి గట్టాపర్చా పక్కనుంచి లోపలికి పాకుతుందని 1980ల నుంచీ ప్రయోగశాలల్లో చూస్తూనే ఉన్నారు.

తాత్కాలిక పూడిక ఉన్నన్ని రోజులూ ఆ వైపు నమలకూడదు. సకినాలు, జంతికలు, చేగోడీలు, బెల్లం పాకపు పల్లీ పట్టీ, మరమరాల ఉండలు, జీళ్లు, చెరకు ముక్క, నల్లి ఎముక అన్నీ ఆ జాబితాలోకే వస్తాయి. జీడి పూడికను పట్టుకుని లాగుతుంది, సకినం గోడను విరుస్తుంది. సంక్రాంతికి వారం ముందు ఆర్‌సీటీ చేయించుకున్నవాళ్లు పండగ పిండివంటలతో పన్ను చీలి రావడం దంతవైద్యులకు కొత్త కాదు.

పన్ను ఎందుకు విరుగుతుంది? గుజ్జు తీసేస్తే పన్ను ఎండిపోయి పెళుసుబారుతుందని చాలాకాలం డాక్టర్లే అన్నారు. 1989లో రీ, మెసర్, డగ్లస్ పళ్ల బిగువును కొలిచి చూస్తే, రూట్ కెనాల్ కోసం చేసిన రంధ్రం వల్ల తగ్గింది సుమారు 5 శాతమే. అదే, పన్ను రెండు పక్కలా గోడలు పోయేంత పెద్ద గుంట చేస్తే తగ్గుదల 63 శాతం. అంటే పన్నును బలహీనం చేసింది మొదట తిన్న పుచ్చూ, దాన్ని తీయడానికి తొలిచిన గుంటా. దీనికి తోడు ఇంకొకటి: గుజ్జు ఉన్న పన్ను కంటే గుజ్జు లేని పన్ను ఎక్కువ బరువు మోపితే గానీ ఒత్తిడిని గుర్తించదని కొలతల్లో తేలింది. రాయి తగలగానే ఠక్కున ఆగే దవడ ఇక్కడ ఆలస్యంగా ఆగుతుంది.

అందుకే దవడ పళ్లకు క్యాప్. నమిలేటప్పుడు దవడ పంటి మొనలు ఒకదాన్నించి ఒకటి విడిపోయేలా బలం పడుతుంది. చుట్టూ తొడిగిన క్యాప్ వాటిని కలిపి పట్టి ఉంచుతుంది. అమెరికాలో దంత బీమా ఉన్నవారి 14.6 లక్షలకు పైగా ఆర్‌సీటీ పళ్ల రికార్డులు చూసిన 2004 నాటి అధ్యయనంలో ఎనిమిదేళ్ల తర్వాత 97 శాతం పళ్లు నోట్లోనే ఉన్నాయి. పీకాల్సి వచ్చినవాటిలో 85 శాతానికి పూర్తి క్యాప్ లేదు. అయోవాలో చేసిన మరో పరిశీలన 2002లో వచ్చింది, క్యాప్ లేని పళ్లు ఆరు రెట్లు వేగంగా పోయాయని అది చెప్పింది. ఇలాంటి లెక్కల్లో ఒక మెలిక ఉంది: క్యాప్ వేయించుకునేవాళ్లు పంటి మీద మామూలుగానే శ్రద్ధ ఉన్నవాళ్లు, వేసేది కూడా నిలబడుతుందనుకున్న పంటికి. కాబట్టి ఆరు రెట్ల తేడా అంతా క్యాప్‌దే అనలేం. అయినా మార్గం ఎటో స్పష్టంగా చూపించేంత తేడా అది.

ఎప్పుడు వేయించుకోవాలి? నొప్పి తగ్గి, కొరికితే బాధ లేనప్పుడు, మామూలుగా రెండు మూడు వారాల్లో. నాలుగు నెలలు దాటాక క్యాప్ వేసిన పళ్లు, అంతకు ముందు వేసినవాటితో పోలిస్తే పీకాల్సి వచ్చే అవకాశం దాదాపు మూడు రెట్లని 2016 నాటి ఒక అధ్యయనం తేల్చింది. వెంటనే క్యాప్‌కు డబ్బు సర్దుబాటు కాకపోతే, తాత్కాలిక పూడిక తీయించి గట్టి కాంపోజిట్ పూడికైనా వేయించుకుని ఆగడం మంచిది. క్యాప్ ఖర్చును ‘ఇంకో బిల్లు’గా విడదీసి చెప్పే క్లినిక్కుల పద్ధతి వల్ల చాలామంది దాన్ని అందం కోసం వేసేదనుకుంటారు. రెండూ ఒకే చికిత్స అని మొదటి రోజే మొత్తం ఖర్చు చెప్పేస్తే సగం సమస్య ఉండదు. అమెరికా నుంచి, గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చి హైదరాబాదులోనో విజయవాడలోనో ఆర్‌సీటీ చేయించుకునేవాళ్లకు ఇది మరీ వర్తిస్తుంది. తిరుగు ప్రయాణం తేదీ చూసుకుని, కొలత ఇచ్చి క్యాప్ బిగించేదాకా వారం పది రోజులు మిగిలేలా చికిత్స మొదలుపెట్టాలి. తాత్కాలిక పూడికతో విమానం ఎక్కితే, అక్కడి ఖర్చు చూసి అది అలాగే నెలల తరబడి ఉండిపోతుంది.

ముందు పళ్లకు క్యాప్ అన్నివేళలా అక్కర్లేదు. రంధ్రం తప్ప పన్నంతా బాగుంటే మంచి పూడిక చాలు. రంగు మారి బూడిదగానో గోధుమగానో కనబడితే లోపలి నుంచి తెల్లబరచే పద్ధతి ఉంది. క్యాప్‌లలో పూర్తి లోహంతో చేసినవి, లోహం మీద సిరామిక్ పూసినవి, జిర్కోనియావి వాడుకలో ఉన్నాయి. లోహం మీది సిరామిక్ కొన్నేళ్లకు పెచ్చులూడవచ్చు, చిగురు దగ్గర నల్లటి గీత కనిపించవచ్చు. జిర్కోనియాకు ఖరీదెక్కువ. ఏది వేసినా నిలబడాలంటే చిగురు పైన చుట్టూ రెండు మిల్లీమీటర్ల దాకా గట్టి పన్ను మిగిలి ఉండాలి. అది లేనప్పుడు వేరులోకి పోస్ట్ అనే సన్నటి కడ్డీ దించి కడతారు. పోస్ట్ పన్నుకు బలం ఇవ్వదు, పైకట్టడానికి పట్టు మాత్రమే ఇస్తుంది.

రోజువారీ సంరక్షణ

క్యాప్‌కు పుచ్చు పట్టదు. క్యాప్ అంచు చిగురు దగ్గర పన్నును కలిసే గీత దగ్గర పడుతుంది. రోజుకు రెండుసార్లు ఫ్లోరైడ్ పేస్టుతో తోముకోవడం, మెత్తటి బ్రష్‌ను చిగురు అంచుకు ఏటవాలుగా పెట్టి చిన్నచిన్నగా కదపడం, పళ్ల సందుల్లో ఫ్లాసో సన్నటి సందు బ్రష్షో తిప్పడం, ఈ మూడూ ఆ గీతను కాపాడతాయి. రాత్రి తోమడం ముఖ్యం, నిద్రలో ఉమ్మి తక్కువ ఊరుతుంది. బొగ్గు పొడి, ఇటుక పొడి, ఉప్పుతో గట్టిగా రుద్దడం చిగురును వెనక్కి జరిపి వేరును బయటపెడతాయి. వేపపుల్లను నమిలి మెత్తగా చేసి వాడితే తప్పులేదు కానీ క్యాప్ వెనక, సందుల్లోకి అది చేరదు. తిన్న ప్రతిసారీ పిన్నీసుతో, అగ్గిపుల్లతో సందు గెలికే అలవాటు క్యాప్ పక్కన ఉన్న చిగురును చెడగొడుతుంది.

క్యాప్ వేశాక అన్నం, రొట్టె, మాంసం అన్నీ ఆ వైపు నమలవచ్చు, నమలాలి కూడా. ఏళ్ల తరబడి ఒకే వైపు నమిలితే రెండోవైపు గార పడుతుంది. మానాల్సినవి మాత్రం కొన్ని ఉన్నాయి. వక్క, ఎముకలు, ఐసుగడ్డ కొరకడం, సీసా మూతలు పళ్లతో తీయడం. వక్క నమిలేవాళ్లలో పళ్ల చీలికలు ఎక్కువ, క్యాప్ కూడా దానికి అడ్డు కాదు. పొగ, గుట్కా చిగుళ్లనూ, ఎముక మానడాన్నీ రెండింటినీ దెబ్బతీస్తాయి. నిద్రలో పళ్లు కొరికేవాళ్లు రాత్రి పెట్టుకునే ప్లాస్టిక్ గార్డు గురించి డాక్టరును అడగాలి.

మధుమేహం ఉన్నవాళ్లలో వేరు కొన దగ్గరి ఎముక నెమ్మదిగా మానుతుందని పదేపదే గమనించారు. చక్కెర అదుపులో లేనప్పుడు పంటి ఇన్ఫెక్షన్ చక్కెరను ఇంకా పెంచుతుంది కాబట్టి వాళ్లు ఎక్స్‌రే తనిఖీలు తప్పకుండా చేయించుకోవాలి. ఎముకల బలహీనతకో, క్యాన్సర్‌కో బిస్ఫాస్ఫొనేట్ మందులు వాడేవాళ్లకు పన్ను పీకితే దవడ ఎముక మానకపోయే ప్రమాదం ఉంది. అలాంటివాళ్లకు ఆర్‌సీటీ చేసిన పన్నును కాపాడుకోవడం అందరికంటే ఎక్కువ అవసరం.

మాట్లాడని పన్నును గమనించడం

ఎక్స్‌రేలోని నల్లటి మచ్చ చికిత్స మర్నాడు పోదు. ఎముక మళ్లీ పూడుకోవడానికి నెలలు పడుతుంది, కొన్నిసార్లు నాలుగేళ్ల దాకా. అందుకే యూరప్ మార్గదర్శకాలు ఏడాది తర్వాత ఒక ఎక్స్‌రే తీయమని, మచ్చ పూర్తిగా పోకపోతే నాలుగేళ్ల వరకు చూడమని చెబుతాయి. స్వీడన్‌లోని ఉమెయోలో ష్యోగ్రెన్ బృందం చికిత్సైన ఎనిమిది నుంచి పదేళ్ల తర్వాత రోగులను పిలిచి చూసి 1990లో ఫలితాలు ప్రకటించింది. మొదట్లో ఎముక కరగని పళ్లలో 96 శాతం, గుజ్జు చచ్చి ఎముక కరిగినవాటిలో 86 శాతం బాగున్నాయి. ఒకసారి విఫలమై మళ్లీ చేసిన, మచ్చ ఉన్న పళ్లలో 62 శాతం. సలుపు మొదలైన వెంటనే వెళ్లడానికీ, ఆగి ఆగి వెళ్లడానికీ తేడా ఇందులోనే ఉంది.

వేరు లోపలి పనా, పైకట్టడమా, ఏది ముఖ్యమన్న వాదం 1995లో రే, ట్రోప్ 1,010 పళ్ల ఎక్స్‌రేలు చూశాక ఊపందుకుంది. రెండూ బాగున్న పళ్లలో 91 శాతం వేరు కొన దగ్గర ఆరోగ్యంగా ఉన్నాయి, రెండూ బాగాలేనివాటిలో 18 శాతమే. పైకట్టడం ప్రభావం ఎక్కువని వాళ్లు తేల్చారు. తర్వాత వచ్చిన అధ్యయనాలు రెండింటికీ దాదాపు సమాన బాధ్యత పంచాయి.

పన్ను చెడుతున్న సంగతి కొన్ని గుర్తుల వల్ల తెలుస్తుంది. ఆ పన్ను ఎదురుగా చిగురు మీద ఆవగింజంత పొక్కు లేస్తుంది. నొక్కితే కాస్త చీము వస్తుంది, ఉప్పగా చేదుగా తగులుతుంది, నాలుగు రోజులకు ఆరిపోతుంది, నెల తర్వాత అదే చోట మళ్లీ లేస్తుంది. నొప్పి ఉండదు కాబట్టి వేడి చేసిందనుకుని మజ్జిగ తాగి వదిలేస్తారు. అది లోపలి చీము బయటపడే దారి. డాక్టరు ఆ రంధ్రంలోకి సన్నటి గట్టాపర్చా పుల్ల దించి ఎక్స్‌రే తీస్తే, అది వంకర తిరుగుతూ వెళ్లి ఏ వేరు దగ్గర ఆగిందో కనిపిస్తుంది. కొన్నిసార్లు అది అనుమానించిన పన్ను కాదు, దాని పక్కది. క్యాప్ కదలడం, దాని కింద నుంచి దుర్వాసన, ఒకే ఒక చోట కొరికితే చురుక్కుమనడం, పన్ను పక్కన చిగురు ఒక్క చోటే లోతుగా విడిపోవడం కూడా చూపించుకోవాల్సినవే. చివరి రెండూ వేరు నిలువునా చీలినప్పుడు కనిపిస్తాయి.

అపోహలు

ఆర్‌సీటీ చేసిన పన్ను శరీరమంతా విషం నింపుతుందన్న ప్రచారానికి నూరేళ్ల చరిత్ర ఉంది. బ్రిటిష్ వైద్యుడు విలియం హంటర్ 1910లో మాంట్రియల్‌లో మాట్లాడుతూ కీళ్లవాపు మొదలు అనేక జబ్బులకు పళ్ల ఇన్ఫెక్షనే మూలమన్నాడు. క్లీవ్‌లాండ్ దంతవైద్యుడు వెస్టన్ ప్రైస్, ఆర్‌సీటీ పళ్లను కుందేళ్ల చర్మం కింద పెట్టి అవి జబ్బుపడ్డాయని 1920లలో రాశాడు. ఫలితంగా అమెరికాలో లక్షలకొద్దీ పళ్లు ఊరికే పీకేశారు. ప్రైస్ ప్రయోగాలు శుభ్రంగా చేసినవి కావని, ఇతరులు చేస్తే ఆ ఫలితాలు రాలేదని 1930ల తర్వాత తేలింది. అసలు శత్రువు పన్ను కాదు, సూక్ష్మజీవులని 1965లో కకెహాషి, స్టాన్లీ, ఫిట్జ్‌జెరాల్డ్ చేసిన ప్రయోగం చూపింది. సూక్ష్మజీవులు లేకుండా పెంచిన ఎలుకల్లో గుజ్జు బయటపడినా మానిపోయింది, మామూలు ఎలుకల్లో చీముపట్టి చచ్చిపోయింది. పాత ప్రచారం ఇంటర్నెట్‌లో క్యాన్సర్ పేరుతో మళ్లీ తిరుగుతోంది. మనవైపు దీనికి తోడు ‘పై పన్ను పీకితే చూపు పోతుంది’ అన్న భయం ఉంది. పై పళ్లకు, కంటి చూపుకు వెళ్లే నాడులు వేరువేరు. ఈ భయం వల్ల పన్ను పీకించుకోకపోవడం సరే, ఆర్‌సీటీ కూడా చేయించుకోకుండా ఏళ్ల తరబడి చీముతో ఉండేవాళ్లే ఎక్కువ నష్టపోతారు.

మళ్లీ చెడితే

పన్ను మళ్లీ చెడితే దాని కథ అయిపోయిందనుకోనక్కర్లేదు. విఫలమవడానికి పెద్ద కారణాల్లో ఒకటి వదిలేసిన కాలువ. పై దవడ మొదటి పెద్ద పంటికి మూడు వేర్లున్నా కాలువలు తరచూ నాలుగు ఉంటాయి. నాలుగోది సన్నంగా మూలన దాక్కుంటుంది. మైక్రోస్కోపు కింద వెతికితే దొరుకుతుంది. పాత గట్టాపర్చా తీసి, కడిగి, మళ్లీ నింపడం మొదటి మార్గం. పోస్ట్, క్యాప్ అడ్డొచ్చి అది కుదరకపోతే చిగురు తెరిచి వేరు కొనను మూడు మిల్లీమీటర్లు కోసి, ఆ చివరను ఎంటీఏతో మూస్తారు. అమెరికాలో మహమూద్ తొరాబినెజాద్ 1990లలో వాడుకలోకి తెచ్చిన ఈ పదార్థం మూలంలో ఇళ్లు కట్టే పోర్ట్‌లాండ్ సిమెంటు రకమే. పాత పద్ధతిలో ఈ శస్త్రచికిత్స విజయం 59 శాతం ఉంటే మైక్రోస్కోపుతో 94 శాతానికి పెరిగిందని 2010లో అనేక అధ్యయనాలను కలిపి లెక్కగట్టారు.

వేరు నిలువునా చీలిన పన్నుకు మాత్రం ఈ దారులేవీ పనిచేయవు. ఒకే వేరున్న పన్నయితే పీకాలి, దవడ పన్నయితే చీలిన వేరు ఒక్కటే తీసి మిగతాది ఉంచడం కొన్నిసార్లు కుదురుతుంది. పీకిన చోటు ఖాళీగా వదిలేస్తే పక్క పళ్లు అటు ఒరుగుతాయి, ఎదుటి పన్ను కిందికో పైకో దిగి వస్తుంది. అందుకే బ్రిడ్జో, ఇంప్లాంటో, తీసిపెట్టే కట్టుడు పన్నో ఏదో ఒకటి మాన్పు తర్వాత కొద్ది నెలల్లో పెట్టించుకోమంటారు.